శుక్రవారం చెప్పాల్సిన మాట

నా తమ్ముడు దేవేందర్ దుబాయికి వెళ్లేనాటికి అతని బిడ్డ రాధకు మూడు నెలలు. ఆ తర్వాత మూడేళ్లపాటు ప్రతి శుక్రవారం, పనికి సెలవు రోజున, అతను నా ఫోన్‌కు చేసేవాడు. మేడిపల్లిలో మా ఇద్దరి ఇళ్లూ ఒకే వాకిట్లో ఉన్నాయి. బొమ్మ కనబడే ఫోన్లు అప్పటికి మా దాకా రాలేదు. అమ్మతో, భార్య రజనితో మాట్లాడడం అయ్యాక అతను ఒకటే అడిగేవాడు.

"బిడ్డ చెవుకు పెట్టున్రి."

పెట్టేవాళ్లం. రాధ ఫోన్‌ను తడిమి, మీటలు నొక్కి, నోట్లో పెట్టుకోబోయేది. అవతలి నుంచి "రాధా, బాపును బిడ్డా, ఒక్కసారి బాపూ అను" అని వినబడుతూనే ఉండేది, మాకు.

"నిన్ను గుర్తు వట్టదురా," అనేది మా అమ్మ లక్ష్మవ్వ ఫోన్ లాక్కొని. "మొఖం సూపియ్యని బాపువైతివి. పక్కింటి ముత్యం మస్కట్ నుంచి అచ్చిననాడు వాని కొడుకు మంచం కిందికి ఉరికిండు. వారం దినాలు చాక్లెట్లు పెట్టి బయటికి గుంజిండు."

మా ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతి. తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఫోన్ చూస్తే ముడుచుకుపోతారు. నేను కోరుట్లలో ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నా తరగతుల్లోనూ అలాంటి పిల్లలు ఎందరో. అందుకని దేవేందర్‌కు సర్దిచెప్పే పని నాదే.

"అన్నా, బిడ్డ నా మీద అలిగిందంటవా?"

"అలుగుడు కాదురా. నువ్వు కొత్తోనివి. అలవాటు కావాలె, అంతే."

నేను చెప్పాను కాబట్టి నమ్మేవాడు.

మొదట అనుమానపడింది రజని తల్లి రాములవ్వ. సిరిసిల్లలో వాళ్లిల్లు సాంచాల షెడ్డుకు ఆనుకొని ఉంటుంది. బట్ట నేసే ఆ మరమగ్గాల చప్పుడులో కొత్తవాళ్లకు నిద్ర పట్టదు. అక్కడే పుట్టిన పిల్లలకు చప్పుడు ఆగితేనే నిద్ర చెడుతుంది. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ వాడలో పసిపిల్లలందరూ లేచి ఏడుపందుకుంటారు. రాధ పుట్టిందీ, కొన్ని నెలలు పెరిగిందీ అక్కడే.

"సారూ, కరెంటు పోతె వాడకట్టు పోరగాళ్లందరు లేస్తరు. గీ పిల్ల లేవది," అంది రాములవ్వ ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు. "మల్ల సాంచాలు మొదలైనా లేవది. జర చెవులు సూపియ్యరాదు?"

"మంచి నిద్ర అత్తమ్మా. మాకు గట్ల పట్టది," అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. అప్పుడు నేనే పరీక్ష పెట్టాను. రాధను అమ్మ ఒళ్లో, అమ్మ వైపు తిప్పి కూర్చోబెట్టి, పిల్ల వెనక నిలబడి, స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. రాధ తిరిగి చూసింది.

"సైన్సు సారు పాసు చేసిండు, ఇగ నడువున్రి," అన్నాడు ముత్యం గోడ మీది నుంచి.

"సారే సూసినంక నేనేమంట," అంది రాములవ్వ. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అప్పటికి రాధకు ఏడాదిన్నర.

మూడేళ్లు నిండినా రాధ ఒక్క మాట అనలేదు. రజని నాకు చెప్పకుండానే జగిత్యాల వెళ్లి, చెవి పరీక్షలు చేసే చోట పేరు రాయించి వచ్చింది. శనివారం రమ్మన్నారు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. పిల్ల నిద్రలో ఉండగా చేసే పరీక్ష కాబట్టి, తెల్లవారక ముందే లేపి, దారిలో నిద్రపోనీయకుండా తీసుకురావాలన్నారు. బస్సులో రాధ కళ్లు మూతలు పడినప్పుడల్లా రజని తడి కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

అక్కడ పరీక్ష చేసే ఆమె పేరు కల్పన. చిన్న వయసు. రాధ నిద్రపోయాక కల్పన పాప నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించింది. చెవిలోకి పంపే చప్పుడు లోపలి నరం దాకా చేరితే తెర మీద అల లేస్తుందని చెప్పింది. ముప్పై డెసిబెల్స్ చప్పుడు దగ్గర గీత తిన్నగా ఉంది. యాభై దగ్గర కూడా అంతే. ఎనభై దాటాక చిన్న అల కనిపించింది. రెండో చెవికీ అలాగే. ఇంట్లో మనం మాట్లాడుకునే మాట అరవై దాటదని ఆమె చెప్పింది.

"మరి పళ్లెం కొడితే తిరిగి చూసింది," అన్నాను.

"అప్పుడు పాప ఎదురుగా ఎవరున్నారు సర్?"

"మా అమ్మ."

"పాప మీ అమ్మగారి కళ్లు చూసి ఉంటుంది. ఆమె మీ వైపు చూస్తే తనూ చూసింది. అంత దగ్గర నుంచి స్టీలు చప్పుడు కొంత వినబడి ఉండొచ్చు కూడా. చప్పుడు వేరు, మాట వేరు సర్."

రాధకు నడక ఎప్పుడు వచ్చిందని ఆమె రజనిని అడిగింది.

"రెండేండ్లకు. ఇప్పుడు సుత చీకట్ల నా కొంగు ఇడువది మేడం, తూలి పడుతది. చంకల తిప్పి తిప్పి పెంచిన్రు, అందుకే అనుకున్నం."

కల్పన చీటీ వెనక చెవి బొమ్మ గీసింది. బయటి డొప్ప, పొర, మూడు చిన్న ఎముకలు, లోపల నత్త గుల్లలాంటిది. దాని పక్కనే ఒంటిని నిలకడగా ఉంచే మూడు వంకర గొట్టాలు. రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి కొందరు పిల్లల్లో వినికిడితో పాటు నిలకడా తగ్గుతుందని చెప్పింది. పదహారేళ్లుగా నేను నల్లబల్ల మీద గీస్తున్న బొమ్మే అది. భాగాల పేర్లు పిల్లల చేత కంఠస్థం చేయించాను.

"పుట్టిన కొన్ని నెలలకే తెలిసుంటే బాగుండేది," అంది కల్పన. "ఇప్పుడైనా చెవులకు మిషన్లు పెట్టి మాట నేర్పుదాం. వారం వారం రావాలి."

బయటికి వచ్చాక రజని ఏడవలేదు.

"ఆయనకు చెప్పాలె బావా. బిడ్డ అలగలేదని చెప్పాలె ముందు."

"నేను చెప్త. నువ్వు తొందరపడకు," అన్నాను.

ఒక గదిలో ఎనిమిది మందితో ఉండే మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో ఆ వారమంతా ఆలోచించాను. ముందు మిషన్ల సంగతి చెప్పాలా, తర్వాత లోపం సంగతా? చెవుడు అన్న మాట వాడాలా, వద్దా? రెండు మూడు వాక్యాలు కాగితం మీద రాసి కొట్టేశాను. శుక్రవారం వచ్చింది. రజని బిడ్డను తీసుకొని సిరిసిల్ల వెళ్లింది. అమ్మకు మేమింకా ఏమీ చెప్పలేదు. ఫోన్ మోగింది.

"బిడ్డ ఏదన్నా?"

"అమ్మమ్మ ఇంటికి పోయింది."

"మంచిగైంది తియ్. ఉన్నా మాట్లాడది గదా," అని నవ్వాడు.

అప్పుడు చెప్పాల్సింది. అతని నవ్వు విని, ఇలా కాదు, వచ్చే శుక్రవారం నిదానంగా చెబుదాం అనుకున్నాను. వానలు పడలేదన్నాను. మక్కజొన్న చేను ఎండుతోందన్నాను.

ఆదివారం రజని వచ్చీ రాగానే అడిగింది.

"చెప్పిన్రా బావా?"

"మాట్లాడిన," అన్నాను.

బుధవారం తెల్లవారుజామున దేవేందర్ నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. శవం రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

దహనం అయిన మర్నాడు రజని నా ఎదుట నిలబడి, "ఎరికైనంకనే పోయిండు గదా బావా," అంది. "బిడ్డకు తన మీద కోపం లేదని."

నేను తలూపాను.

ఆ తర్వాత ఆరు నెలలు, ప్రతి శనివారం మేం ముగ్గురం జగిత్యాల వెళ్లాం. రాధ చెవులకు మిషన్లు పెట్టారు. మొదట పీకి పారేసేది. తర్వాత వాటి కోసం తనే చేయి చాపడం మొదలుపెట్టింది. వానాకాలం పోయింది. దేవేందర్‌తో ఒకే గదిలో ఉన్న ఓదెలు సెలవు మీద వచ్చాడని, తమ్ముడి సామాను ఇవ్వడానికి మా ఇంటికి వస్తాడని తెలిసింది. అతనిది కోరుట్ల పక్క ఊరు. అతను రాకముందే, శుక్రవారం బడి అయ్యాక నేనే వెళ్లాను.

ఎందుకు వెళ్లానో రాయాలి. రజని అడిగితే, దేవేందర్‌కు అంతా తెలుసని చెప్పమని అడగడానికి వెళ్లాను.

ఓదెలు కుర్చీ తుడిచి వేశాడు.

"ఆడు పని ఇడిసిపెడుతున్నని రాసిచ్చిండు సారు. ఎరికేనా? ఇంకో నెలైతె అచ్చేటోడు. 'బిడ్డకు నేను అలవాటు గావాలె, పైసలేం జేసుకుంట' అన్నడు. ఫోన్ పెట్టినంక గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. మేం ఎక్కిరించినా మాట్లాడకపోయేటోడు."

నేను జరిగింది చెప్పాను. రాధ చెవుల సంగతి, పరీక్ష, నేను చెప్పకుండా దాటేసిన శుక్రవారం.



"గంతేనా సారూ? 'బిడ్డకు ఇనవడదురా' అంటె అయిపోయేది గదా. ఎంత సేపు పడుతది?"

వచ్చిన పని చెప్పాను.

"అడిగితె చెప్త తియ్," అన్నాడు తల దించుకొని. "ఆడు లేకపాయె. ఒక్క అబద్ధమే గదా."

అతను ఒప్పుకున్నాక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. వద్దు, ఏం చెప్పొద్దు అని లేచి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి రజని వాకిట్లో కూర్చొని రాధ మిషన్లను మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. నిలబడే నిజం చెప్పాను.

"మాట్లాడిన అంటిరి."

"మాట్లాడిన. గా సంగతి చెప్పలె."

"మరేం మాట్లాడిన్రు?"

"వానల ముచ్చట."

గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"బిడ్డ అలిగిందనుకుంటనే పోయిండు," అంది. అది నన్ను అడిగింది కాదు. మళ్లీ, "రేపు జగిత్యాలకు మేమిద్దరమే పోతం," అంది.

"బస్సుల జనం ఉంటరు రజనీ. పిల్లను ఎత్తుకొని..."

"ఉండనీయున్రి."

మర్నాడు పొద్దున వాళ్లు వెళ్లారు. ఆ రోజుకు నేను ముందే సెలవు పెట్టి ఉన్నాను. బడికి వెళ్లే పని లేదు. సాయంత్రం వాళ్లు తిరిగి వచ్చేదాకా ఇంట్లోనే కూర్చున్నాను.