నవనీత పదో తరగతి మెమో

నా మనుమరాలు నవనీత సంచి సర్దుతుంటే, నేను పక్కన కూర్చొని దాన్ని మళ్లీ సర్దాను. అది రెండు జతల బట్టలు పెడితే నేను మూడో జత దూర్చాను. అది దుప్పటి చాలంటే నేను చెద్దరు కూడా మడిచి కుక్కాను. తొక్కు సీసాకు మూత మీద గుడ్డ కట్టి, గుడ్డ మీద కవరు కట్టి, కవరు మీద దారం చుట్టాను.

"బాపమ్మా, పోయేది మూడు నెలలకే. నువ్వు ముప్పై ఏండ్లకు సదురుతున్నవ్."

"తొక్కు లేకుంటే హాస్టల్ బువ్వ గొంతు దిగుతదా?"

"దిగకుంటే బస్సెక్కి ఇంటికొచ్చి తినిపోత. కరీంనగరే గదా, కాశీ కాదు!"

మా చొప్పదండి నుంచి కరీంనగర్ నిజంగా గంట దూరం కూడా లేదు. అక్కడ ఊళ్ల ఆడపిల్లలకు కాలిన బోరు మోటర్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేయడం ఉచితంగా నేర్పుతున్నారు. ఉండటం, తినడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ముప్పై సీట్లు. నవనీత పేరు ఇరవై తొమ్మిదోది. మా దగ్గర ఎండాకాలం వస్తే వాడకొక మోటరు కాలుతుంది. దాన్ని ఆటోలో వేసుకొని కరీంనగర్ పోయి, అక్కడ వరుసలో పెట్టి, నాలుగు రోజులు పొలం ఎండబెట్టుకుంటారు. ఆ పని నేర్చుకొని చొప్పదండి బస్టాండు పక్కనే దుకాణం పెడతానని దాని పట్టు. ఆడపిల్ల మోటరు విప్పుతుందా అని నవ్వినవాళ్లకు అది ఒకటే జవాబు చెప్పేది: "మీ మోటరు కాలినప్పుడు రాండ్రి, అప్పుడు కలిసి నవ్వుదాం."

దాని తల్లి, నా కోడలు సుగుణ, పొద్దున్నే నాట్లకు పోతూ బిడ్డ తల నిమిరి పోయింది. నవనీత స్నానానికి పోయింది. అదే అదను. సంచి పై అరలో కాగితాల కవరు ఉంది. అందులోంచి పదో తరగతి మెమో తీశాను. దాని స్థానంలో నాలుగు రోజుల ముందే తీయించి దాచిన రంగు జిరాక్స్ పెట్టాను. జిరాక్స్ తీసినతను పనిమంతుడు. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే ఒక్క క్షణం తెలియలేదు. అసలుదాన్ని కవరులో చుట్టి కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టాను.

నేను చేసింది తెలివైన పనే అనుకున్నాను. మా వాడలో ఇంటికొకరు గల్ఫ్ పోయినవాళ్లే. ఏజెంటు పాస్‌పోర్టు తీసుకుంటాడు, అక్కడికి పోయాక పని ఇచ్చే సేటు తీసుకుంటాడు. కాగితం ఎవరి చేతిలో ఉంటే మనిషి వాళ్ల చేతిలో ఉన్నట్టే. అసలు కాగితం ఇంట్లో ఉంటే పిల్ల ఎక్కడున్నా ఇంటికి వస్తుందని నా ధైర్యం.

పిల్ల ఎనిమిది గంటల బస్సుకు పోయింది. రెండు దాటాక ఫోను వచ్చింది.

"బాపమ్మా, నా మెమో ఏడున్నది?"

నా చూపు పప్పు డబ్బా మీదికి పోయింది.

"సారు వెలుతురుకు పట్టి సూసి జిరాక్స్ అన్నడు. నాలుగు గంటలకు బంద్ చేస్తరట. అసలుది సూపియ్యకుంటే నా సీటు వెయిటింగ్ ల ఉన్న పిల్లకు పోతది. నిజం చెప్పు, నువ్వే తీసినవ్ గదా?"

"పప్పు డబ్బల ఉన్నది," అన్నాను.

"పప్పు డబ్బల! నా మెమో!" అని అది ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. "జల్ది తీసుకరా బాపమ్మా. నీ కాళ్లు మొక్కుత."

డబ్బా బోర్లించాను. పప్పు నేలపాలైంది. మెమో చేతబట్టుకొని గడప దాటానో లేదో, ఎదురింటి హనుమండ్లు అరుగు మీది నుంచి కేకేశాడు.

"ఎటు పోతున్నవ్ పోశవ్వక్కా, గింత జోరుగ?"

బయలుదేరిన మనిషిని ఎటు అని అడగకూడదు. అడిగితే పని కాదు. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"నీ నోరు పడిపోను! మంచిగ పోతున్నదాన్ని ఆపితివి గదరా. నీళ్లు తే!"

హనుమండ్లు పరుగెత్తి చెంబెడు నీళ్లు తెచ్చాడు. కూర్చొని తాగి లేచాను. ఈలోగా రెండున్నర బస్సు మా వాడ మలుపు మీదుగా హారన్ కొట్టుకుంటూ పోయింది. సంగతి విని హనుమండ్లు నాలుక కరచుకున్నాడు.

"ఫోటో కొట్టి వాట్సప్ ల పంపరాదు అక్కా?"

"జిరాక్సే వద్దన్నోళ్లు ఫోటోకు ఒప్పుకుంటరారా? బండి తియ్యి!"

బండి మీద వెంబడించి తర్వాతి స్టాపులో బస్సును పట్టుకున్నాం. బస్సు నిండా ఆడవాళ్లే. కండక్టరమ్మ నా దాకా వచ్చి చెయ్యి చాచింది.

"ఆధార్ సూపియ్యి అవ్వా. గా చేతిల ఉన్నది అదేనా?"

"ఇది ఆధార్ కాదు. ముట్టకు!"

"ముట్టనులేవ్వా, బంగారమా ఏంది?" అని ఆమె నవ్వుతూ ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్ కొట్టి ఇచ్చింది.

కరీంనగర్ బస్టాండులో ఆటో ఎక్కి, శిక్షణ కేంద్రం ముందు దిగేసరికి మూడూ నలభై. బోర్డు చదివి, అదేనని రూఢి చేసుకొని లోపలికి పోయాను. నవనీత ఉరికొచ్చి నన్ను తిట్టాలో వాటేసుకోవాలో తెలియక చెయ్యి పట్టి ఈడ్చుకుపోయింది. బల్ల వెనుక హారిస్ సారు కూర్చున్నాడు. వైండింగ్ నేర్పేది, కాగితాలు చూసేది ఆయనే. గోడ పక్కన ఒక పిల్ల సంచి ఒళ్లో పెట్టుకొని నా చేతి వైపే చూస్తోంది. వెయిటింగ్ లో మొదటి పేరు ఆ పిల్లది.

"మెమో ఇయ్యుండ్రి అమ్మా," అన్నాడు సారు.

"నేను వట్టుకుంట సారూ. మీరు సూడుండ్రి."

"గట్లెట్ల? ఎనుక గూడ సూడాలె గదా."

"తిప్పుత," అని తిప్పాను.

వెనుక అమ్మాయిలు పకపకా నవ్వారు. నవనీత తల పట్టుకుంది.

"మంచిగున్నది. అసలుదే," అన్నాడు సారు. "కానీ ఇది కోర్సు అయ్యేదాక మా ఆఫీసుల ఉండాలె. రూల్ అమ్మా."

నా వేళ్లు కాగితం మీద బిగుసుకున్నాయి. "అయితే నేను గూడ ఈడనే ఉంట."

"మీకు సీటు లేదమ్మా."

"బాపమ్మా, ఇడువు," అంది నవనీత మెల్లగా. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలే ఉన్నాయి. గోడ పక్క పిల్ల లేచి నిలబడింది.

"రాసియ్యుండ్రి సారూ. తీసుకున్నట్టు."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, తెల్ల కాగితం లాగి రాశాడు. నేను వేలు పెట్టి పైకే చదివాను. అసలు మెమో తీసుకున్నామని, కోర్సు తరువాత తిరిగి ఇస్తామని ఉంది.

"తరువాత అంటే ఎన్నడు సారూ? పదేండ్ల తరువాత గూడ తరువాతనే."

ఆయన నవ్వి అక్టోబరు పదహారు అని రాశాడు.

"ముద్ర?"

ముద్ర కొట్టాడు. అప్పుడు వెనుక నుంచి ఒక అమ్మాయి అంది, "సారూ, నాకు గూడ గసోంటిది రాసియ్యుండ్రి." ఇంకొకతె అంది. చూస్తుండగానే బల్ల ముందు వరుస కట్టింది.

"ఎంత పని చేస్తివమ్మా! ఇరవై తొమ్మిది రాయాలె ఇప్పుడు," అని సారు మొత్తుకున్నాడు. "నా మాటిని వచ్చే బ్యాచ్ కు మీరే వచ్చి ఈ కుర్చీల కూసోండ్రి."

నేను వేళ్లు ఒక్కొక్కటే వదిలాను. మెమో ఆయన ఫైలులోకి పోయింది. నవనీత సంచి భుజాన వేసుకొని, నా బుగ్గ గిల్లి, "పప్పు ఏరుకో పో," అని హాస్టల్ మెట్లు ఎక్కిపోయింది. గోడ పక్క పిల్లను సారు పిలిచి, జనవరి బ్యాచ్ లో దాని పేరే ముందు రాసుకున్నాడు.

"అందరూ ఊకెనే ఇచ్చిండ్రు," అన్నాడు ఆయన రసీదులు రాస్తూనే. "మీకెందుకమ్మా గింత ఫికర్?"

నేను చెప్పాను. నవనీత తండ్రి సాగర్ నా ఒక్కగానొక్క కొడుకు. పిల్లకు ఏడాది నిండినప్పుడు, రెండు వేల ఎనిమిది మార్చిలో మస్కట్ పోయాడు. పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు చదవడం రాదు, రసీదు అడగాలనీ తెలియదు; అక్షరాలు దిద్దింది ఆ తరువాతే. రెండేళ్లకు రావలసినవాడు. అక్కడి సేటు పాస్‌పోర్టు చేతికి ఇవ్వలేదు. సాగర్ తిరిగి రాలేదు. రెండు వేల పదకొండు నవంబరు తొమ్మిదిన అక్కడే చనిపోయాడు.