అమావాస్య సెలవు

తాపీమేస్త్రీలు అమావాస్య నాడు పనిముట్టు పట్టరు. పటాన్‌చెరులో అపార్ట్‌మెంట్ల పనిలో పెద్ద మేస్త్రి కింద ఉన్న రమేశ్‌కు నెలకు ఆ ఒక్కరోజే సెలవు. ముందురోజు సాయంత్రం బస్సెక్కి సిద్దిపేటలోని ఇంటికి చేరేవాడు. అమావాస్య గడిచిన తెల్లవారే వెళ్లిపోయేవాడు. రెట్టింపు కూలి ఇస్తారని దసరాకు కూడా రాలేదు. పెళ్లయిన రెండేళ్లుగా ఇదే వరస.

అతని భార్య ప్రసూనకు నెలసరి కూడా అమావాస్య చుట్టుపక్కలే వచ్చేది. అందులో చంద్రుడి ప్రమేయమేమీ లేదు. ఆమె దేహపు లెక్కా, ఆకాశపు లెక్కా ఇంచుమించు సమానం కావడమే కారణం. ఫలితం మాత్రం నెలనెలా ఆమె కళ్లముందే ఉండేది: అతను గడప దగ్గర చెప్పులు విడిచే వేళకు అత్త దుర్గవ్వ వరండాలో కోడలికి వేరే చాప పరిచి ఉండేది. ఆ రోజుల్లో ఆమె ఇంట్లోకి రాకూడదు. కిటికీ ఇవతలి నుంచి అతను అన్నం తినడం చూసేది. అతని చెవి వెనక ఎండిన సిమెంటు మరక తుడవాలని చేయి లాగేది.

ఎప్పుడైనా రెండు రోజులు అటూ ఇటై, ఇద్దరూ ఒక గదిలో ఉన్న నెలల్లోనూ కడుపు పండలేదు. ఆ నెలలే ఆమెను ఎక్కువగా భయపెట్టాయి. లోపం తనలోనే ఉందనుకుంది.

"నా కొడుకు నెలనెలా బస్సు కిరాయి పెట్టుకోని అస్తుండు. నువ్వేమో చాప మీద కూసుంటవు" అని దుర్గవ్వ దెప్పేది.

చివరికి ప్రసూన, రమేశ్ పోయిన అమావాస్యకు చేయించుకున్న పరీక్షల కాగితాలు కూడా పట్టుకుని దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ ఇద్దరి పరీక్షల కాగితాలూ చూసి, "అన్నీ మంచిగనే ఉన్నయమ్మా. మీ ఆయన ఎప్పుడస్తడు?" అని అడిగింది.

"అమాసకు, మేడం."

"నెలసరో?"

"గదీ అమాసకే."

"మరి బిడ్డెట్లయితదమ్మా, ఫోన్లనా?"

ప్రసూన తల దించుకుంది. డాక్టరమ్మ గొంతు తగ్గించి వివరించింది. తరువాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు గుడ్డు విడుదలవుతుంది. అది ఒక్కరోజుకు మించి నిలవదు. మగవాడి బీజం మాత్రం లోపల మూడు నాలుగు రోజులు ఎదురుచూడగలదు. "అందుకే ముందుగాలనే కలువాలె. నీ లెక్కకైతే పున్నం దగ్గర. మొదటి నెలకే అయితదని లేదు, ఓపిక వట్టాలె."

ఇన్నాళ్లూ ఎదురుచూపు తన ఒక్కదాని పనే అనుకుంది ప్రసూన. అతని వైపు నుంచి కూడా ఎదురుచూసేది ఒకటి ఉందన్న మాట ఆమె మనసులోంచి పోలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. అవతల కాంక్రీటు మిషను మోత.

"పున్నానికి రెండు దినాల ముందే రా."

"పున్నానికేముంది? ఎవలన్న సచ్చిన్రా?"

"ఎవ్వలు సావలేదు. పుట్టాల్నంటే రా."

రమేశ్ మిషను మోతకు దూరంగా నడిచి, "ఏ తారీకు?" అని అడిగాడు.

అతను వచ్చాడు. దుర్గవ్వ బిత్తరపోయింది. "ఏందిరా, పని పోయిందా?"

"నీకు జరమని చెప్పి అచ్చిన, అవ్వా."

"నాకు జరమా? నీ నోట్లె మన్నువడ!"

రెండు రాత్రులున్నాడు. తరువాతి దినాల్లో ప్రసూన ఎవరికీ చెప్పకుండా ఒక ఆశను మోసింది. బిందె ఎత్తినా మెల్లగా ఎత్తింది. అమావాస్య ముందురోజు నెలసరి వచ్చింది. ఈసారి చాప తనే పరుచుకుంది.

సాయంత్రం రమేశ్ వచ్చి, ఆమె ముఖం చూసి, లోపలికి పోకుండా చాప పక్కనే ఉత్త నేల మీద కూర్చున్నాడు.

"అంటైతది, దూరం జరుగురా" అంది దుర్గవ్వ. అతను జరగలేదు.

"ఏమైంది మీ ఇద్దరికి?"

అప్పుడు ప్రసూన అత్తకు అంతా చెప్పింది, దాచకుండా, డాక్టరమ్మ చెప్పిన వరసలోనే. కొడుకు వస్తాడని పొద్దున్నే పిండి కలిపి, అతను వచ్చాక వేడివేడిగా సర్వపిండి రొట్టె కాల్చి పెట్టడం దుర్గవ్వకు ప్రతి అమావాస్య పండుగ. నెలంతా ఆమె కూడా ఆ ఒక్కరోజు కోసమే బతికేది. లోపలికి పోయి సర్వపిండి పళ్లెం తెచ్చి, ఇద్దరికీ మధ్య చాప అంచు మీదే పెట్టింది.

"ఇగ అమాసకు రాకురా. పున్నానికి రా."

"అమాసకు నిన్ను జూడొద్దానె, అవ్వా?"

"నన్నేం జూస్తవ్! మేస్త్రికి నెలనెలా నాకు జరమనే చెప్పు."