పసుపు పెట్టిన ట్రాక్టరు

దసరా నాడు పసుపు పెట్టించుకున్న ట్రాక్టరు మర్నాడే గెడ్డ గట్టున ఆగిపోయింది. ఆగిందంటే మామూలుగా ఆగడం కాదు, మొండికేసింది.

కోటబొమ్మాళికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి పొట్ట మీద ఉంది. గెడ్డలో మిగిలిన నీటిని, ట్రాక్టరుకు బెల్టు కట్టి పంపుతో తోడి చేలోకి ఎక్కిస్తేనే గింజ. అయినా జగ్గమ్మ ఇంట్లో మాట చేను మీదికి పోవడం లేదు. కోడలి మీదికి పోతోంది.

ట్రాక్టరు జగ్గమ్మ పెద్దకొడుకు నరసింగరావుది. శ్రావణమాసంలో పోయాడు. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పండగ లేదు. అది తెలిసీ అతని భార్య లక్ష్మణమ్మ దసరా నాడు పొద్దున్నే బండి కడిగి, పసుపు ముద్ద కలిపి, ముక్కూ మొహమూ కనపడకుండా పులిమింది. మొగుడు పోయిన ఆడది పసుపు ముట్టడమే జగ్గమ్మకు మింగుడు పడలేదు. బండి ఆగిన దగ్గర్నుంచి ఆవిడది ఒకటే మాట.

“నీ సేతి పసుపే కట్టీసింది దాన్ని.”

మొదట్లో లక్ష్మణమ్మ బదులు చెప్పింది. తరవాత మానేసింది. అంటే నమ్మడం మొదలెట్టిందన్నమాట. ఫోనులో చెల్లెలి గొంతు వినగానే అన్న అప్పలసూరికి ఆ సంగతి తెలిసిపోయింది. నెల్లిమర్ల జూట్‌మిల్లులో ఫిట్టరు పని చేసి రిటైరైనవాడు. మాటలు తక్కువ. రెంచీలు సంచిలో వేసుకుని రైలెక్కాడు.

గట్టు మీద నరసింగరావు తమ్ముడు ధనరాజ్ ట్రాక్టరు నీడలో కూర్చుని ఉన్నాడు.

“ఏటైంది?” అన్నాడు అప్పలసూరి.

“ఏటవనేదో అడుగు బావా. బేటరీ మార్సేను. ఫిల్టరు మార్సేను. మేస్త్రీని తెచ్చి గాలి తీయించేను. ఆడు సూసినప్పుడు బేగి అందుకున్నాది. ‘నా సెయ్యి పడితే అంతే’ అని బీడీ ముట్టించుకున్నాడు. ఆ బీడీ ఆరనేదు, ఇది ఆరిపోనాది.”

“నవ్వుతావేటి?”

“ఏడిస్తే అందుకుంటాదా?”

అప్పలసూరి సెల్ఫు కొట్టి చూశాడు. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. ఫిల్టరు దగ్గర గాలి తీసే బోల్టు వదులు చేశాడు. డీజిల్ చుక్క రాలేదు.

“ట్యాంకీలో ఉన్నాదా?”

“సగం ఉన్నాది. మేస్త్రీ మూత తీసి పుల్లెట్టి సూసేడు కూడాని.”

“మూత తీసేక అందుకున్నాదా, తియ్యకముందా?”

ధనరాజ్ తల గోక్కున్నాడు. “తీసేకే బావా. నాను తీసి సూసినప్పుడు కూడా కాసేపు పోనాది.”

అప్పలసూరి బానెట్టు మీదికి వంగి ట్యాంకీ మూత తిప్పాడు. లోపలికి గాలి సుయ్‌మని పీల్చుకుంది. వదులు చేసిన బోల్టు దగ్గర డీజిల్ ఊటలా దిగడం మొదలెట్టింది. బోల్టు బిగించి, మూత తిరగేసి ఎండకు ఎత్తి చూశాడు. మూతకు సన్నటి కన్నం ఉండాలి. ఉంది, కానీ పసుపు గచ్చులా గట్టిపడి అందులో కూరుకుపోయింది.

అప్పటికి అత్తాకోడళ్లిద్దరూ వచ్చి నిలబడ్డారు. లక్ష్మణమ్మ దూరంగానే ఉండిపోయింది, దగ్గరికొస్తే బండికి ఇంకేమవుతుందో అన్నట్టు.

అప్పలసూరి మూత గుప్పిట్లో పెట్టుకుని ఉండిపోయాడు. నూనెగుడ్డతో తుడిచేసి, పైపులో నలుసు అడ్డం పడిందంటే సరిపోతుంది. కానీ అబద్ధంతో ఇవాళ బండి కదిలినా చెల్లెలి మనసులో ఉన్నది కదలదు. నిజం చెబితే? నిజంగానే పసుపే ఆపింది. అత్త మాటే నెగ్గుతుంది.

“ఇలా రా,” అన్నాడు చెల్లెల్ని. మూత ఆమె చేతిలో పెట్టి, సంచిలోంచి సన్న తీగ తీసి ఇచ్చాడు. “ఆ కన్నం పొడువు.”

ఆమె పొడిచింది. పసుపు పెళ్లలుగా అరచేతిలో రాలింది.

జగ్గమ్మ చూసింది. “పసుపే కదేటి అది? నాను సెప్పనేదా?”

“పసుపే అత్తా,” అన్నాడు అప్పలసూరి. “డీజిల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాల. గాలి పోయే దారి ఇదొక్కటే. ఇది మూసీసింది. నీ సేత్తో ఎట్టినా ఆగుతాది, నా సేత్తో ఎట్టినా ఆగుతాది. బురద పడినా ఆగుతాది.”

“మా నరసింగు ఏటేటా ఎట్టేడు కదా. ఏ ఏడు ఆగినాది?”

ధనరాజ్ అందుకున్నాడు. “అన్న మూతకి గుడ్డ కట్టీవోడమ్మా, పసుపు ఎట్టినంతసేపూ. ఎందుకో నానెప్పుడూ అడగనేదు.”

జగ్గమ్మ కోడలి వైపు తిరిగింది. “గుడ్డ కట్టాలని ఆడు నీకు సెప్పనేదేటే?”

“సెప్పనేదత్తా,” అంది లక్ష్మణమ్మ. అరచేతిలో పసుపు పెళ్లలు ఎక్కడ పారెయ్యాలో తెలియక అలాగే పట్టుకుంది. “బండి గురించి ఎన్ని కబుర్లు సెప్పేడో. ఇదొక్కటీ సెప్పనేదు. సెప్పడానికి ఇంకా శానా ఏళ్లున్నాయనుకున్నాడు గావాల.”

జగ్గమ్మ గట్టు మీద కూలబడింది.

“నాకు మాత్రం ఏటి సెప్పేడే. కడుపులో నొప్పని కూడా సెప్పనేదు.”

అప్పలసూరి మూత బిగించి ధనరాజ్‌కి తల ఊపాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. బెల్టు తిరిగింది. పైపులోంచి ముందు నురుగు, తరవాత మట్టి నీరు, తరవాత తేట నీరు చేలోకి పడ్డాయి. మేస్త్రీ బీడీ ఆరినంతసేపు గడిచింది. అంతకు రెట్టింపూ గడిచింది. బండి ఆగలేదు. లక్ష్మణమ్మ మాత్రం నించున్నచోటు నించి కదల్లేదు.

“ఎండలో నించుంటావేటి?” అంది జగ్గమ్మ, మొహం చేను వైపే పెట్టుకుని. “ఇలా వచ్చి కూకో.”

లక్ష్మణమ్మ వెళ్లి అత్త పక్కనే కూర్చుంది. ఇంజను మోతలో ఆ తరవాత వాళ్లేం మాట్లాడుకున్నారో అప్పలసూరికి వినపడలేదు.