వేగం పెంచితే వేగింది

నా మాటల విరుపులకు ఈ లోకంలో ఉన్న ఫ్యాను మా అక్క ఒక్కతే. మా ఆవిడనడిగితే, ఆ ఒక్క ఫ్యానూ రక్తసంబంధం వల్లే తిరుగుతోందంటుంది.

నిరుడు జబ్బు చేసి అక్కకు వినికిడి పోయింది. మా దగ్గరే ఉంటోంది. భోజనాల బల్ల మీద కంచం పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుంటుంది. మేం మాట్లాడిందల్లా తెర మీద అక్షరాలై వస్తే చదువుకుంటుంది. చిక్కల్లా ఒకటే. ఆ ల్యాప్‌టాప్ నత్తకు మేనత్త. ముద్ద నమిలి మింగితే గానీ మాట తెర మీదికి రాదు.

ఆ రోజు నేను, "వంకాయకి నేను కొత్తగా వంక పెట్టేదేముంది, అది పేరులోనే పెట్టుకు పుట్టింది" అన్నాను. మా ఆవిడ యథాప్రకారం నవ్వలేదు. "పక్కింటాయన మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాట్ట, పాపం" అంది. మేం అయ్యో అనేలోగా అక్క పకపకా నవ్వింది. వంకాయకి. తలెత్తి మా మొహాలు చూసింది. విరిగిన కాలు అప్పుడొచ్చింది తెర మీదికి. చదివి, కంచంలోకి చూస్తూ, "రేపట్నుంచి నా గదిలోనే తింటానర్రా" అంది.

ఇన్నేళ్ళుగా నేను నోరు తెరిచేది ఆ ఒక్క నవ్వు కోసమే.

మర్నాడు పొద్దున్నే మా బావమరిదిని పిలిచాను. కంప్యూటర్లు బాగుచెయ్యడం వాడి వృత్తి. నన్ను బాగుచెయ్యలేకపోవడం వాడి బాధ.

"ప్రాసెసర్ లోపల ఓ గడియారం ఉంటుంది బావా. కంపెనీవాళ్ళు పెట్టినదానికన్నా దాని జోరు పెంచుతా. మెమరీకీ అంతే. ఓవర్‌క్లాకింగ్ అంటారు."

"అంటే ఓవర్‌క్లాక్ కింగువి నువ్వన్నమాట. వేగం పెంచితే వేగిపోదుట్రా?"

"వేడెక్కుతుంది. దానికేగా లోపల ఫ్యాన్ ఉంది. ముందు బయాస్‌లోకి, అంటే దాని మూల అమరికల్లోకి వెళ్ళాలి."

"పేరు వింటేనే భయాస్‌గా ఉంది. చిప్పు మాడిందంటే మా అక్క చేతికి చిప్పేరా."

"బావా, నువ్వు కాసేపు అవతలి గదిలో కూర్చుంటే ఇది ఇంకా వేగంగా పనిచేస్తుంది."

మధ్యాహ్నం, ఈ ఒక్క పూటకీ అని బతిమాలి అక్కను బల్ల దగ్గరికి తీసుకొచ్చాం. బావమరిది కంచంలో గుట్ట చూసి, "వీడు కూర దగ్గర కూర్చోలేదే, కూరుకుపోయాడు" అన్నాను.

అక్క నవ్వింది. నా నోరు మూతపడకముందే! బావమరిది నాకేసి కన్ను కొట్టాడు.

అంతలో ల్యాప్‌టాప్ అడుగున ఫ్యాన్ రాగం అందుకుంది. మొదట ఈగలా, తర్వాత తేనెపట్టులా, ఆపైన పిండిమరలా. మా మాట మాకే వినపడక అందరం గొంతులు పెంచాం. ల్యాప్‌టాప్‌కీ దాని గోలలో మా మాట సరిగ్గా వినపడలేదు.

"ఒరేయ్, ఉప్పు అందుకోరా!" అని మా ఆవిడ తమ్ముడి మీద అరిచింది.

'తప్పు ఒప్పుకోరా' అంది తెర.

"ఇంకొంచెం వడ్డించక్కా!" అని వాడు అరిచాడు.

'ఇంకొంచెం వాదించక్కా.'

అక్క తెర కేసి చూసింది. ఎర్రబడ్డ మా మొహాలూ, పొంగిన మెడనరాలూ చూసింది. ఫ్యాన్ గోల ఆమెకేం తెలుసు?

"గొడవ పడుతున్నారా? నా మూలానేనా?" అంటూ కుర్చీ వెనక్కి జరిపింది.

"గొడవ కాదు!" అని ముగ్గురం ఒక్కగొంతుతో అరిచాం.

'గొడవే కదా.'

అక్క లేచి నిలబడింది. మాటలతో లాభం లేదని నా జన్మలో మొదటిసారి తెలిసింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ల్యాప్‌టాప్ మీద ఆనించాను. వేడికి ఉలిక్కిపడింది గానీ చెయ్యి తియ్యలేదు. లోపలి ఫ్యాన్ వణుకు అరచేతికి అందింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. పెదవి చివర కదిలింది.

"ఒరేయ్ తమ్ముడూ, నాకన్నా గట్టిగా అరిచే ఫ్యాను దొరికిందిరా నీకు!"

బావమరిదికి పొలమారింది. అందరం పడీపడీ నవ్వుతుంటే ల్యాప్‌టాప్ వేడి తట్టుకోలేక తనంతట తనే ఆరిపోయింది. అక్క కూర్చుని మళ్ళీ కంచం ముందుకు లాక్కుంది.

సాయంత్రం బావమరిది అన్నీ పాత లెక్కకి తెచ్చేశాడు. నత్త నత్తే, మేనత్త మేనత్తే. మా ఆవిడ మాత్రం బల్ల దగ్గర కొత్త చట్టం తెచ్చింది. "వదిన చదివేదాకా ఎవరూ నవ్వకూడదు, ఇంకో మాట ఎత్తకూడదు."

"నవ్వు ఆపుకోవడం కష్టం కాదుటే?"

"మీ జోకులకా? మాకు బోలెడు అలవాటుందిలెండి."

ఇప్పుడు నేనో మాట విసిరితే చేతులు కంచాల మీద ఆగుతాయి. నవ్వు బుగ్గల్లో బిగబట్టుకుని అందరం అక్క కళ్ళనే చూస్తాం. అవి తెర మీది వరస చివరికి చేరతాయి. "ఛీ, దిక్కుమాలిన జోకు" అంటూ నవ్వుతుంది. అప్పుడు ఇల్లంతా నవ్వుతుంది.

మా ఆవిడ కూడా. వదిన కోసమేనట.