ఆఖరి గొట్టం రక్తం

మాణిక్యం ఒళ్లోంచి మందు డబ్బాను సెక్యూరిటీ వాడు లాక్కోవడం శౌరమ్మ కళ్లారా చూసింది. మాణిక్యం అరవలేదు. అరిచే ఓపిక అతనికి లేదు. అతని భార్య మాత్రం డబ్బా వెంట వరండా చివరిదాకా పరిగెత్తింది.

బెంచీల మీదున్న వాళ్లందరిదీ ఒకటే జబ్బు, క్లోమానికి పట్టిన క్యాన్సర్. సెలైన్‌లో ఎక్కించే మందులకు లొంగని రకం. విజయవాడలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఒక కంపెనీ తన కొత్త క్యాప్సూల్‌ను వాళ్ల మీద పరీక్షిస్తోంది. గుణదలలో నాలుగిళ్లలో అంట్లు తోముకునే శౌరమ్మ, ఆ క్యాప్సూళ్లు మింగాకే మళ్లీ అన్నం ముద్ద నోట్లో పెట్టగలిగింది. ఇప్పుడవి ఆపేస్తున్నారు.

కంపెనీ ఆఫీసరు లక్ష్మీకాంత్ మహా మర్యాదస్థుడు. మందు బాగా పనిచేస్తోందని, అందుకే ఒక విదేశీ కంపెనీ కొనేస్తోందని, చేతులు మారేదాకా ఇవ్వడం కుదరదని, మళ్లీ ఎప్పుడొస్తుందో తాను చెప్పలేనని నవ్వుతూనే చెప్పాడు.

"ఆఖరి రక్తం ఇచ్చేసి వెళ్లండమ్మా. ఈ ఒక్క శాంపిల్ లేకపోతే ఇన్నాళ్ల పనీ వృథా అయిపోద్దండీ."

ఎవరి పని? శౌరమ్మకు ఒళ్లు మండింది. ఆ మందుకు వాంతులు చేసుకున్నది తాము. అరికాళ్లు పొట్టులేచి నడవలేకపోయింది తాము.

గేటు బయట టీ బండి దగ్గర వాదన లేచింది. వీళ్లతో పెట్టుకుంటే రేపు ఏ డాక్టరూ మన మొహం చూడడని కొందరన్నారు. కలెక్టరుకు అర్జీ పెడదామన్నారు ఇంకొందరు. వాళ్లతో పాటే మందు మింగుతున్న మంగళగిరి నేతగాడు వెంకటప్పయ్య అంతా విని నోరు విప్పాడు.

"కూలి పెంచమంటే మా షావుకారు వినలేదండీ. మేం చీరంతా నేసి, కొంగు దగ్గర మగ్గాలు ఆపాం. కొంగు లేని చీర ఎవడు కొంటాడు? దిగొచ్చాడు."



"మరి మనం కొంగు కూడా నేసిచ్చి పోదామా?" అంది శౌరమ్మ. "ఇచ్చినా మందు ఆపుతారు, ఇవ్వకపోయినా ఆపుతారు. ఊరికే ఎందుకివ్వాలి?"

లోపల మొదట మాణిక్యాన్ని పిలిచారు. అతను చొక్కా చెయ్యి మణికట్టుదాకా దించుకున్నాడు. తర్వాత శౌరమ్మను పిలిచారు. ఆమె చేతిని కొంగులో చుట్టుకుంది. బతికున్నంతకాలం మందు ఇస్తామని రాసిస్తేనే రక్తం అన్నారు అందరూ. లక్ష్మీకాంత్ నవ్వు ఆరిపోయింది. అతను ఫోను పట్టుకుని పక్కకి వెళ్లాడు.

అందరూ వెళ్లి గేటు ముందు కూర్చున్నారు. పోలీసులొచ్చారు. రక్తం ఇవ్వకపోవడం నేరం కాదు కాబట్టి గేటుకు అడ్డం కూర్చున్నారని కేసు కట్టారు. ఆ గందరగోళంలో, ఆ ఎండలో, భార్య భుజానికి ఆనుకునే మాణిక్యం ప్రాణం వదిలాడు. ఆమె ఏడుస్తూనే అతని చొక్కా చెయ్యి సర్దింది.

అందరినీ రెచ్చగొట్టారని శౌరమ్మనూ వెంకటప్పయ్యనూ పోలీసు వ్యాను ఎక్కించారు. నిన్న మింగిందే ఆఖరి క్యాప్సూల్. కడుపులో ఆ పాత నొప్పి మళ్లీ లేస్తుందని ఆమెకు తెలుసు.

"భయంగా ఉందండీ," అంది.

"నాక్కూడానమ్మా," అన్నాడు వెంకటప్పయ్య.

వ్యాను కదులుతుంటే ఆమె వెనక్కి చూసింది. పై అంతస్తు నుంచి ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లు మెట్లు దిగి వస్తున్నారు. వాళ్ల మీద పరీక్షించేది ఇంకో కంపెనీ మందు. వాళ్ల రక్తం కూడా ఇవాళే తియ్యాలి. చొక్కా చేతులు దించుకుని, కొంగులు చుట్టుకుని, ఒక్కొక్కరే వచ్చి మాణిక్యం పక్కన గేటుకు అడ్డంగా కూర్చున్నారు.