ఆరని ఆకు

తొమ్మిది దాటినా వరి ఆకుల మీద మంచు ఆరలేదు. పరిశోధన క్షేత్రంలో, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో వంగి, ఒక్కో ఆకునూ బొటనవేలి మీద పరిచి మచ్చలు లెక్కపెడుతున్నాడాయన. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరికీ ఆయన మచ్చలాయనే. ఇంట్లో పుచ్చు వంకాయ కనిపిస్తే భార్య కూడా "ఇదీ రాసుకోండి" అని ఆటపట్టించేది.

ఈరోజు ఆయన ముఖంలో నవ్వన్నది లేదు. నాలుగు రోజులుగా మబ్బు, రాత్రుళ్లు చలి, తెల్లారినా వదలని తేమ. యూరియా తక్కువ వేసిన మడిలో ఆకుకు రెండు మచ్చలుంటే, రెట్టింపు వేసిన మడిలో లెక్క తెగడం లేదు. నూలుకండెల్లాంటి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఆకు నిప్పు తగిలినట్టు మాడిపోయింది. అగ్గితెగులు. ఆయన గుండె దడదడలాడింది. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతూనే ఉంది. వంగి వంగి పట్టేసిందనుకున్నాడు.

ఈ మడికి భయం లేదు. ఇక్కడ తెగులు రావాలనే పెంచుతారు. కాలవ అవతల చెల్లెలి పొలం ఉంది. భర్త పోయాక ఆమె ఒంటిచేత్తో వేసిన మొదటి పంట.

లెక్క మధ్యలో ఆపేసి వెళ్లాడు. అలా ఆపడం ఇన్నేళ్లలో అదే మొదలు.

"పైరు చూశావా అన్నయ్యా, నల్లగా ఎలా కమ్మేసిందో! దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు," అంది చెల్లెలు, యూరియా బస్తా మూతి విప్పుతూ.

"ముందు ఆ బస్తా కట్టెయ్యి."

ఆయన చేతిలోని నల్ల గొడుగు గట్టు మీద గుచ్చి, దుబ్బు విడదీశాడు. గాలి దూరనంత ఒత్తుగా ఉన్న చోట, కింది ఆకుల మీద ఆవగింజంత మచ్చలు.

"ఇంతేనా?"

"ఇవాళ ఇంతేనమ్మా. ఈనేనాటికి వెన్ను మెడ దగ్గర విరుగుతుంది. గింజ పాలు పోసుకోదు. అంతా తాలే."

ఆమె బస్తా మూతి బిగించి కట్టింది. "ఇప్పుడేం చెయ్యను?"

"ఎరువు ఆపు. మడి ఎండనివ్వకు. రేపు మంచు ఆరగానే మందు కొట్టు, పేరు రాసిస్తా."

"నువ్వుంటావుగా పక్కన?"

"ఉంటాను."

మందు పేరు చీటీ మీద రాసిచ్చి, తిరిగొచ్చి మిగతా ఆకులు లెక్కపెట్టాడు. మధ్యాహ్నం గదిలో కూర్చుని అంకెలన్నీ పట్టికకెక్కించాడు. నాలుగింటికి కిటికీలు మూయడానికి వచ్చిన అటెండరు "సార్, టైమైంది" అని రెండుసార్లు పిలిచి, దగ్గరికెళ్లి చెయ్యి ముట్టుకుని, బయటికి పరుగెత్తాడు.

మర్నాడు అన్నను కాటికి సాగనంపి వచ్చి, ఆమె చీటీ చూసుకుంటూ మందు కొట్టింది. వెన్నులు పైకొచ్చాక రోజూ వాటి మెడలు తడిమి చూసుకుంది. ఒక మూల కాస్త పోయింది, మిగతాది నిలబడింది.

కోతకు మనుషులు దిగిన రోజున కూడా, ఆయన గుచ్చి మరిచిపోయిన నల్ల గొడుగు గట్టు మీదే ఉంది. దాన్నామె ఎవరినీ తీయనివ్వలేదు. బురద ఎండి దాని మొనను గట్టిగా పట్టుకుంది.