వెంట్రుక దూరని అతుకు

కంటికి కనపడని చెక్కని నమ్మడం మేస్త్రీకి చేతకాదు. తలుపు చేసినా, మంచం చేసినా ఆయన పని పదిమందీ తడిమి చూసుకునేలా ఉంటుంది. అతుకు మీద వేలు రాస్తే గోటికి గీత తగలకూడదు, సందులో వెంట్రుక దూరకూడదు. అలాంటి వడ్రంగి పోయిపోయి ఒక ఫైబర్ పడవ పాల పడ్డాడు. అందులో ఎంత మంచి చెక్క పెట్టినా గాజు గుడ్డ చుట్టి, గట్టిపడే జిగురు రెసిన్ పూసి, సమాధి కట్టేస్తారు. లోపల ఏం జరుగుతోందో ఆ తర్వాత దేవుడికే తెలియాలి.

పడవ ఆయనది కాదు, కూతురిది. చిన్నప్పుడు అడిగినదానికి జవాబు దొరికేదాకా చెవి చుట్టూ తిరిగేదని ఆయనే కందిరీగ అని పేరు పెట్టాడు. ముప్ఫై దాటినా ఆ పేరు వదల్లేదు. దీవుల్లోని ఆసుపత్రులకి మందులు చేరవేసే పని ఆమెకి దొరికింది. సొంత పడవ ఉండాలి, సోమవారం పొద్దున అది రేవులో తనిఖీకి నిలబడాలి. లేదంటే ఆ పని కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఎవరి పెరట్లోనో ఎండకి ఎండి వానకి తడిసిన పడవని తెచ్చి తండ్రి కొట్టు ముందు దించింది. పైకి ఫర్వాలేదనిపించింది. లోపలి పలకలు ఎత్తాక అసలు బండారం బయటపడింది. పడవ పొడుగునా అడుగుని పట్టి ఉంచే నాలుగు దూలాలుంటాయి, స్ట్రింగర్లంటారు. వాటిలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. చెక్క నానిన అట్టలా చేతికొచ్చింది.

"దీన్ని బాగుచెయ్యడం కన్నా కొత్తదాన్ని కనడం తేలికే" అన్నాడు మేస్త్రీ.

"అయితే కను. తొమ్మిది నెలలు ఆగే తీరిక నాకు లేదు" అంది కందిరీగ.

పని పంచుకున్నారు. చెక్క ఆయనది, గుడ్డా రెసినూ ఆమెవి. పడవల షెడ్డులో కొన్నేళ్లు పనిచేసింది కాబట్టి ఆ విద్య ఆమెకి కొట్టిన పిండి. కుళ్లిన దూలాలు కోసేటప్పుడు అడుగు వంగిపోకుండా కింద బారెడుకో ఆసరా పెట్టింది. బయట నెర్రెలిచ్చిన చోటల్లా గ్రైండరుతో అరగదీసి కొత్త పొరలు వేసింది. తండ్రికి మాత్రం ఒకే ఒక్క మాట పదేపదే చెప్పింది.

"దూలం అడుగుని తాకకూడదు నాన్నా. వేలి మందం సందు వదిలి, కింద స్పాంజి పట్టీ పెట్టాలి."

సందు! ఆ మాట వింటేనే మేస్త్రీకి ఒళ్లు మండింది. సందు వదిలేది పని రానివాడు. అయినా కూతురి మాట కాదనలేక మూడు దూలాలకీ పళ్లు కొరుకుతూ పట్టీలు పెట్టాడు. నాలుగోది ఇంజన్ పక్కది. ఆ రోజు కందిరీగ ఇంజన్ చూసి రావడానికి వెళ్లింది. అంత బరువు పడేచోట మెత్తటి స్పాంజి ఏం మోస్తుందని ఆయన మనసు పీకింది. దూలం అడుగు చిత్రిక పట్టాడు, దింపి చూశాడు, మళ్లీ పట్టాడు. పొద్దు వాలేసరికి అది పడవ వంపులో అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ఒక వెంట్రుక పీకి సందులో పెట్టి చూశాడు, దూరలేదు. చాలాకాలానికి ప్రాణం హాయిగా అనిపించింది. మిగిలిన పట్టీని చెత్త డ్రమ్ములోకి విసిరేశాడు.

మర్నాడు ఒక ఇంట్లో తలుపు బిగించి వచ్చేసరికి కందిరీగ ఆ దూలం మీద గుడ్డ వేసి రెసిన్ పూసేసింది.

"ఏమంత తొందర?" అన్నాడు.

"ఎండ బాగుంది కదా అని" అంది, తలెత్తకుండా.

ఆ రోజుల్లోనే మేస్త్రీ మోకాళ్ల స్పాంజి కనపడకుండా పోయింది. కింద కూర్చుని పనిచేసేటప్పుడు ఏళ్ల తరబడి మోకాళ్ల కింద వేసుకున్న దళసరి నీలం ముక్క అది. భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే పారేసుంటావు!"

"మీ పాత సామాను పారెయ్యాలంటే ముందు మిమ్మల్నే పారెయ్యాలి" అంది ఆవిడ.

అప్పట్నుంచీ గోనెసంచి మడిచి వేసుకుంటూ, లేచినప్పుడల్లా మోకాళ్లనీ భార్యనీ కలిపి తిట్టుకుంటున్నాడు.

శుక్రవారం పుట్టీ తాత వచ్చాడు. రేవు పక్కన పడవలకి మాట్లు వేసే ముసలాయన, గోళ్లలో ఎప్పుడూ పుట్టీ ఉంటుందని ఆ పేరు. పడవ చుట్టూ తిరిగి, అరచేత్తో చరిచి, మెచ్చుకున్నాడు. పోతూపోతూ అడిగాడు.

"దూలాల కింద సందు వదిలావు కదయ్యా?"

"వదలకపోతే ఏమవుతుంది బాబాయ్?" అన్నాడు మేస్త్రీ, ఊరికే అడుగుతున్నట్టు.

"ఏమవుతుందేమిటి! అల కొట్టినప్పుడల్లా అడుగు కాస్త లోపలికి వంగి మళ్లీ వస్తుంది. పైనున్న చెక్క గట్టిగా తగిలిందనుకో, ఎప్పుడూ అదే గీత దగ్గర మడత పడుతుంది. రేకు ముక్కని అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? ఇదీ అంతే. పోయినేడు ఒకడి పడవ నడి నీళ్లలో ఆ గీత వెంబడే చీలింది. ఈత వచ్చు కాబట్టి బతికాడు."

మేస్త్రీ ఇంజన్ పక్క దూలం వైపే చూస్తూ ఉండిపోయాడు. ముసలాయన ఎప్పుడు వెళ్లాడో కూడా తెలియలేదు.

ఇక అక్కణ్ణుంచి మనిషి మనిషిలా లేడు. ఉలి పిడితో ఆ దూలం పొడుగునా తడుతూ చెవి ఆనించి వింటాడు. ఒకసారి శబ్దం నిండుగా వినిపిస్తుంది, ఇంకోసారి మొద్దుగా. పడవ కిందికి దూరి గీత పడిందేమోనని వేళ్లతో తడుముతాడు. ఇంకా నీళ్లే ముట్టని పడవకి గీత ఎలా పడుతుందని తనని తానే తిట్టుకుంటాడు, మళ్లీ దూరతాడు. శనివారం పళ్లెం ముందు కూర్చున్నవాడు సగంలోనే లేచాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంది భార్య.

"నా ఒంటికేం, దుక్కలా ఉన్నాను" అని కసిరాడు.

చెబుదామనే అనుకున్నాడు. కానీ చెబితే దూలం కొయ్యాలి, సోమవారం దాటిపోతుంది, పని ఇంకొకరికి పోతుంది. అదొక్కటే అయితే చెప్పేసేవాడే. ఇంతకాలం పనివాళ్లని నిలబెట్టి తప్పులు చూపించిన నోటితో, కూతురి ముందు 'నువ్వు వద్దన్నదే చేశాను' అనడం ఆయన వల్ల కాలేదు. చెప్పకపోతే? దీవికీ ఒడ్డుకీ మధ్య ఆమె ఒక్కతే, చుట్టూ నీళ్లు. ఆ బొమ్మ కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

సాయంత్రం కందిరీగ కొత్త లైఫ్ జాకెట్ తొడుక్కుని వచ్చింది. "బాగుందా నాన్నా?"

"బాగుంది" అన్నాడు.

ఆదివారం పొద్దున తల్లీకూతుళ్లు మోకులు కొనడానికి బజారుకి వెళ్లారు. గేటు పడిన చప్పుడు వినగానే మేస్త్రీ లేచాడు. ఇంజన్ పక్క పలక ఇంకా స్క్రూల మీదే ఉంది, విప్పాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని గ్రైండర్ అందుకున్నాడు. దూలం కింది అంచున, అరచేయి పట్టేంత మేర కోశాడు. తెల్లటి దుమ్ము లేచి కళ్లలో, మెడ మడతల్లో దూరింది. ఒళ్లంతా దురద. ఉలితో పెచ్చు లేపి, వంగి చూశాడు.

చెక్కకీ అడుగుకీ మధ్య సందు ఉంది. ఆ సందులో నీలం రంగు కనిపించింది.

వేలితో నొక్కాడు, మెత్తగా లోపలికి పోయింది. నీలం స్పాంజి. ఒక మూల అరిగి మాసిన మచ్చ కూడా ఉంది. ఏళ్ల తరబడి తన మోకాలు ఆనిన మచ్చని గుర్తుపట్టకపోవడానికి ఆయనేం గుడ్డివాడు కాదు. కోసిన చోటే చతికిలబడ్డాడు.

మోకు చుట్ట భుజాన వేసుకుని కందిరీగ ముందుగా లోపలికి వచ్చింది. పిండిలో పొర్లినట్టున్న తండ్రినీ, గ్రైండరునీ, పడవలోని కన్నాన్నీ చూసింది.

"కోశావా?"

ఆయన నీలం రంగు వైపు వేలు చూపించాడు.

"నా పట్టీ డ్రమ్ములో రెసిన్ తాగి రాయయిపోయింది" అంది ఆమె. "అది చూసే దూలం ఎత్తాను. ఎంత అందంగా కూర్చోబెట్టావు నాన్నా! దాన్ని చిత్రిక పట్టడానికి నాకు చేతులు రాలేదు. నువ్వు వచ్చేలోగా అయిపోవాలి, చేతికి నీ స్పాంజే దొరికింది, పట్టీలుగా కోసి పెట్టాను."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

"నువ్వు నా ముందు తల దించుకుంటే చూడలేను, అందుకని." అంతలోనే ఆమె మొహం మారింది. "ఆగు. నువ్వెందుకు కోశావు? అది చీలుతుందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం. పుట్టీ తాత చెప్పాడు."

"నిన్న జాకెట్ తొడుక్కుని నీ ముందుకొచ్చాను. బాగుందన్నావు."

మేస్త్రీ తల వంచుకున్నాడు. ఇంతకన్నా చీల్చే మాట ఆమె అనలేదు, అనక్కర్లేదు కూడా.

"నిన్ను వెళ్లనిచ్చేవాణ్ణి కాదే. అందుకే కోశాను" అన్నాడు చివరికి.

"చెప్పడం కన్నా కొయ్యడం తేలికైందా?"

అబద్ధమాడదామనుకున్నాడు. "అవును" అన్నాడు.

వెనకే వచ్చిన భార్య కన్నంలోకి తొంగిచూసి, "ఇప్పుడు చెప్పండి, ఎవరు పారేశారో!" అంది. ఎవరూ నవ్వకపోయేసరికి ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్లిపోయింది.

కందిరీగ మోకు చుట్ట కింద పడేసి పడవెక్కింది. వంగి కోత అంచులు తడిమింది.

"వీటిని ఏటవాలుగా అరగదీసి నాలుగు పొరలు వేస్తే సాయంత్రానికి గట్టిపడుతుంది. గుడ్డ నువ్వే వెయ్యి."

"నాకు రాదే."

"నేను చెబుతాను. నాకూ చెప్పడం అలవాటవ్వాలిగా."

మేస్త్రీ మోకాళ్ల మీద వంగాడు. గోనెసంచి ఎక్కడుందో కూడా వెతుక్కోలేదు. మొదటి పొర పరిచి, ఆమె చెప్పినట్టే బ్రష్షుతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ గాలి బుడగలు తోలాడు. రెండో పొరా వేశాడు. అంచు మడతలో కందిగింజంత బుడగ ఒకటి మిగిలింది. చూస్తే తప్ప కనపడదు, పైన ఇంకో రెండు పొరలు పడితే చూసినా కనపడదు. కందిరీగ అటు తిరిగి మూడో పొరకి రెసిన్ కలుపుతోంది. రెండో పొర అప్పుడే బంక పట్టడం మొదలైంది.

మేస్త్రీ బ్రష్షు పక్కన పెట్టాడు.

"కందిరీగా, ఇక్కడ గాలి ఉండిపోయిందే" అన్నాడు.

ఆమె గబగబా వచ్చి పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఆ గుడ్డని మెల్లగా పైకి లేపారు.